చారిత్రక కట్టడాలు ప్రభుత్వ రక్షణలో ఉండి కూడా ఎందుకు పాడవుతున్నాయి?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. కోటలు, గుళ్లు, సమాధులు, పాత భవనాలు ప్రభుత్వ రక్షణలో ఉండి కూడా ఎందుకు శిథిలమవుతున్నాయి? వాటిని మళ్లీ కట్టి కొత్తవాటిలా చేస్తే సరిపోదా? ప్రభుత్వం వల్ల కాకపోతే ప్రైవేటు సంస్థలకు అప్పగించవచ్చు కదా? ముప్పై ఏళ్లకు పైగా సంరక్షణ ఇంజినీరుగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ప్రభుత్వ అధీనంలో ఉన్న రాతి కట్టడాల మీదే గడిచింది. అందుకని కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. చాలాచోట్ల అసలు సమస్య డబ్బు ఎంత ఉందన్నది కాదు, ఎప్పుడు వస్తుందన్నది. కప్పు మీద రాలిన ఆకులు ఊడవడానికి, నీళ్లు పోయే తూములు శుభ్రం చేయడానికి, గోడల్లో మొలిచిన మొక్కలు తీయడానికి ఏటా కొద్ది మొత్తం కావాలి. అది అడిగితే దొరకదు. ఆ పని జరగక గోడ కూలితే మాత్రం దానికి ఎన్నో రెట్లు మంజూరవుతుంది. నా ఉద్యోగమంతా ఈ రెండింటి మధ్యే నడిచింది.

పాత కట్టడాన్ని నీరు ఎలా పాడుచేస్తుందో తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. మందమైన పాత రాతిగోడల్లో చాలావరకు లోపలిదాకా ఒకే రాయి ఉండదు. బయటా లోపలా చెక్కిన రాళ్లు పేర్చి, మధ్యలో చిన్న రాళ్లు, సున్నం, మట్టి నింపుతారు. పైకప్పు సరిగ్గా ఉండి నీరు బయటికి పోయినన్నాళ్లూ ఆ గోడకు ఏమీ కాదు. ఒక్క తూము పూడిందనుకోండి, వాననీరు కప్పు మీద నిలుస్తుంది. సందు వెతుక్కుని గోడ నడిమికి దిగుతుంది. అక్కడి సున్నాన్ని కొద్దికొద్దిగా కడిగేస్తుంది. గట్టిదనం పోయిన నింపుడు కిందికి జారి, బయటి రాళ్లను ముందుకు తోస్తుంది. గోడ కడుపు ఉబ్బినట్టు కనిపించడం మొదలవుతుంది. అప్పటికే లోపల జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. ఈలోగా ఆ తేమకు రావి, జువ్వి లాంటి మొక్కలు మొలుస్తాయి. చిటికెన వేలంత ఉన్నప్పుడు చేత్తో లాగితే వచ్చే మొక్క, నాలుగేళ్లు వదిలేస్తే వేళ్లు రాళ్ల మధ్యకు దూరి, దాన్ని తీయాలంటే గోడనే విప్పాల్సిన స్థితికి తెస్తుంది.

నాకు బాగా గుర్తుండిపోయిన సంఘటన ఒకటి ఇలాంటిదే. నేను తనిఖీకి వెళ్లే కట్టడాల్లో ఒకదానికి కప్పు చుట్టూ పన్నెండు రాతి తూములు ఉండేవి. ఏడింటిలో మట్టి, పక్షి గూళ్లు నిండిపోయాయి. ఇద్దరు మనుషులు, రెండు నిచ్చెనలు, నాలుగు రోజుల పని. ఎస్టిమేట్ వేసి పంపాను. అలాంటి చిల్లర ఖర్చుకు ఆ ఏడాది పద్దు లేదని తిప్పి పంపారు. మరుసటి ఏడాదీ రాశాను. అదే జవాబు. మూడో వానాకాలం చివర్లో ఉత్తరపు గోడ దాదాపు ఎనిమిది మీటర్ల పొడవున కూలింది. రాత్రి వేళ కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. వారం తిరక్కముందే ఫోన్లు మొదలయ్యాయి, నెలలో నిధులు మంజూరయ్యాయి. గోడ మళ్లీ కట్టడానికి రెండేళ్లు పట్టింది. కానీ ఆ గోడ మీద ఉన్న పాత సున్నపు పూత, దాని మీది గీతలు, పనివాళ్లు చెక్కుకున్న గుర్తులు ఇక లేవు. ఫైలు మీద ఆ పని 'పునరుద్ధరణ పూర్తి' అని ముగిసింది. నాకు మాత్రం అక్కడికి వెళ్లినప్పుడల్లా ఆ ఏడు తూములే గుర్తొచ్చేవి.

ఇది ఒక్క దేశపు జబ్బు కాదు. ఇటలీలోని ప్రాచీన రోమన్ నగరం పాంపేలో 1748 నుంచి తవ్వకాలు జరుగుతున్నాయి. ప్రపంచంలో అంత పేరున్న పురాతన స్థలాలు కొన్నే ఉంటాయి. అలాంటి చోట 2010 నవంబరులో, భారీ వానల తర్వాత, గ్లాడియేటర్ల భవనంగా పేరుపడ్డ కట్టడం తెల్లవారుజామున కుప్పకూలింది. దాని మీద ఇరవయ్యో శతాబ్దంలో వేసిన కాంక్రీటు కప్పు బరువు, వెనక నానిపోయిన మట్టి ఒత్తిడి రెండూ కారణాలుగా చర్చకు వచ్చాయి. అది ప్రపంచమంతా వార్త అయ్యాకే యూరోపియన్ యూనియన్ సాయంతో 10.5 కోట్ల యూరోల పెద్ద పథకం వచ్చింది. ఆ పథకంలో మంచి పని జరిగిందనే చెప్పాలి. గోడల వెనక తవ్వని మట్టి దిబ్బల వాలు సరిచేశారు, నీటి దారులు వేశారు, ఆ తర్వాత క్రమం తప్పని తనిఖీ మీద దృష్టి పెట్టారు. వాళ్లు ముందు సరిచేసింది నీటి సంగతే అన్నది గమనించండి.

ఇండోనేషియాలోని బోరోబుదూర్‌దీ అదే కథ. ఆ పెద్ద బౌద్ధ స్తూపం లోపల ఉన్నది మట్టి గుట్ట. వాననీరు రాళ్ల సందుల్లోంచి దిగి మట్టిని నానబెట్టడంతో గ్యాలరీల గోడలు ఒరిగాయి, శిల్పాలకు నాచు, ఉప్పు పట్టింది. 1975 నుంచి 1982 దాకా యునెస్కో సహకారంతో కింది అంతస్తులను రాయి రాయిగా విప్పి, లోపల నీరు బయటికి పోయే ఏర్పాటు చేసి, మళ్లీ అవే రాళ్లు అవే చోట పేర్చారు. చూసేవాళ్లకు కనిపించేవి శిల్పాలు. వాటిని కాపాడుతున్నవి మాత్రం కనిపించని కాలువలు.

మరి ప్రభుత్వాలకు ఇది తెలియదా? తెలుసు. 1964లో వెనిస్‌లో నిపుణులు ఆమోదించిన సంరక్షణ ఒప్పందం ఈ రంగంలో అందరికీ ప్రమాణం. అందులో సంరక్షణ గురించిన మొదటి సూత్రమే, కట్టడాలను నిరంతరం నిర్వహిస్తూ ఉండాలని. తెలిసీ ఎందుకు జరగదంటే, ప్రభుత్వ పద్దుల తీరు అలాంటిది. పెద్ద మరమ్మతుకు ఒక పేరుంటుంది, శంకుస్థాపన ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. తూము శుభ్రం చేసిన రోజున ఎవరూ ఫోటో తీయరు. పైగా నిర్వహణ ఖర్చు ప్రతి ఏడాదీ మళ్లీ మళ్లీ వచ్చేది కాబట్టి, పొదుపు చేయమని పైనుంచి ఆదేశం రాగానే ముందు కోత పడేది అక్కడే. ఆ ఏడాది కోత వల్ల ఏ నష్టమూ కనిపించదు. నష్టం అయిదేళ్లకో పదేళ్లకో కనిపిస్తుంది. అప్పటికి ఆ సంతకం పెట్టిన అధికారి మరో చోట ఉంటాడు.

అమెరికాలో జాతీయ పార్కుల సంస్థను 1916లో పెట్టారు. అడవులతో పాటు యుద్ధభూములు, కోటలు, చారిత్రక ఇళ్లు కూడా దాని చేతిలోనే ఉంటాయి. అంత వ్యవస్థ ఉన్న సంస్థకే వాయిదా పడుతూ వచ్చిన మరమ్మతుల విలువ ఈమధ్య 2,000 కోట్ల డాలర్లు దాటింది. రోడ్లు, వంతెనలు, నీటి పైపులు అన్నీ కలిపిన లెక్క అది. ఈ భారాన్ని తగ్గించడానికి 2020లోనే ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. అక్కడ నాకు నచ్చే విషయం ఒకటుంది. ఎంత పని వాయిదా పడిందో వాళ్లు లెక్కగట్టి బయట పెడతారు. చాలా దేశాల్లో ఆ లెక్కే ఉండదు. లెక్క లేకపోతే అడగడం కూడా కష్టమే.

దీనికి నేను చూసినవాటిలో అన్నిటికంటే తెలివైన పరిష్కారం నెదర్లాండ్స్‌ది. అక్కడ 1973లో 'మోనుమెంటెన్‌వాఖ్ట్' అనే ఏర్పాటు మొదలైంది. కట్టడాల కాపలా అని అర్థం. ఇద్దరు తనిఖీదారులు పనిముట్లున్న వ్యాన్‌లో వస్తారు. కప్పు ఎక్కుతారు, అటక మీదికి పోతారు, నేలమాళిగలోకి దిగుతారు. జారిన పెంకు ఉంటే అక్కడికక్కడే సరిచేస్తారు, పూడిన తూము ఉంటే తీసేస్తారు. మిగిలినవన్నీ ఏది వెంటనే చేయాలి, ఏది రెండేళ్లు ఆగొచ్చు అని రిపోర్టులో రాసి యజమానికి ఇస్తారు. మరుసటిసారి వచ్చినప్పుడు ఆ పాత రిపోర్టు పట్టుకునే వస్తారు. ఇంతే. గొప్ప సాంకేతికత ఏమీ లేదు. తర్వాత బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతం కూడా ఇదే పద్ధతి తీసుకుంది. ఎవరైనా మంత్రి ఈ రంగంలో ఒక్క పని చేయాలనుకుంటే ఏం చేయమంటావని నన్నడిగితే, ఇలాంటి వ్యాన్లు నాలుగు కొనమంటాను.

ఇక చట్టం సంగతి. 'ప్రభుత్వ రక్షణలో ఉంది' అనే మాటకు దేశదేశానికీ అర్థం వేరు. మనం అనుకునేదీ చట్టంలో ఉన్నదీ చాలాసార్లు ఒకటి కాదు. ఫ్రాన్స్ 1830లోనే చారిత్రక కట్టడాల కోసం ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవి పెట్టి, 1840లో తొలి జాబితా వేసింది. బ్రిటన్‌లో తొలి రక్షణ చట్టం 1882లో వచ్చింది. జాబితాలో పేరు చేరడం వల్ల ఏం దొరుకుతుందన్నది అసలు ప్రశ్న. అమెరికాలో చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టరులో ఒక భవనం పేరున్నా, దాని ప్రైవేటు యజమాని సొంత డబ్బుతో కూల్చుకోవాలనుకుంటే కేంద్ర చట్టం ఆపదు. ఆపాలంటే స్థానిక నగర పాలక సంస్థ నియమం కావాలి. న్యూయార్క్‌లో పాత రైల్వే భవనమైన పెన్ స్టేషన్‌ను 1963లో కూల్చడం మొదలుపెట్టినప్పుడు జనం గుండె చెరువైంది. తర్వాత నగరం 1965లో సొంత చట్టం చేసుకుంది, దేశం 1966లో చేసుకుంది. నష్టపోయాకే చట్టం వస్తుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

భారతదేశంలో 1958 చట్టం ప్రకారం కేంద్ర రక్షిత కట్టడాలను పురావస్తు సర్వేక్షణ సంస్థ చూస్తుంది. అవి 3,600కు పైగా ఉన్నాయి. 2010 సవరణతో రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన మరో 200 మీటర్లు అనుమతితోనే. కాగితం మీద ఇది ప్రపంచంలోని కఠిన నియమాల్లో ఒకటి. కానీ 2013లో కాగ్ నివేదిక వచ్చినప్పుడు ఏం తేలిందో చూడండి. స్వయంగా వెళ్లి చూసిన 1,655 కట్టడాల్లో 92 కనిపించలేదు. కొన్ని ఊళ్లు పెరిగి కలిసిపోయాయి, కొన్ని జలాశయాల్లో మునిగాయి, కొన్ని ఎక్కడున్నాయో రికార్డుల్లోనే సరిగ్గా లేదు. తర్వాత వెతికితే కొన్ని దొరికాయి. నియమం ఎంత కఠినంగా రాసినా, అక్కడికి క్రమం తప్పకుండా వెళ్లి చూసే మనిషి లేకపోతే కట్టడం ఉందో లేదో కూడా తెలియదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. యజమాని ఒకరు, వాడుకునేవారు ఒకరు, అనుమతి ఇచ్చేవారు మరొకరు అయినప్పుడు తూము ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. పారిస్‌లోని నోత్ర్‌దామ్ చర్చి భవనం ప్రభుత్వానిది. 1905 చట్టం తర్వాత ప్రార్థనలకు వాడుకునే హక్కు మాత్రం చర్చికి ఉంది. ఇలాంటి ఏర్పాటు ఉన్న ప్రతిచోటా, రోజువారీ పని ఎవరు చేయాలి, పెద్ద మరమ్మతు ఎవరు చేయాలి అన్నది పేరుపేరునా రాసుకోకపోతే ఆ పని ఇద్దరిలో ఎవరూ చేయరు. నేను కూర్చున్న మీటింగుల్లో సగం ఈ తగవు తీర్చడానికే సరిపోయేది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, మళ్లీ కొత్తగా కట్టేస్తే పోదా అన్నది. మీరు ప్రేమతోనే అడిగారని తెలుసు. కానీ ఈ పనిలో జరిగిన అతి పెద్ద తప్పులు చాలావరకు ప్రేమతో చేసినవే.

ఏథెన్స్‌లోని పార్థెనాన్‌నే తీసుకోండి. ప్రాచీన గ్రీకులు పాలరాళ్లను ఇనుప బిగింపులతో కలిపారు. కానీ ఇనుము చుట్టూ సీసం పోశారు, తుప్పు పట్టకుండా. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నికోలావోస్ బాలనోస్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో పడిపోయిన స్తంభాలను నిలబెట్టారు. సీసం లేని మామూలు ఇనుము వాడారు. అది తుప్పుపట్టి ఉబ్బి, రెండున్నర వేల ఏళ్లు నిలిచిన పాలరాయిని లోపలినుంచి పగలగొట్టింది. కొన్ని రాళ్లను వాటి అసలు చోట కాకుండా వేరే చోట కూడా పెట్టారు. 1975లో గ్రీకు ప్రభుత్వం ఒక నిపుణుల కమిటీని వేసింది. అప్పటినుంచి ఆ ఇనుము తీసి టైటానియం పెట్టి, ప్రతి రాయినీ దాని సొంత చోటుకు చేర్చే పని దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. ఒక తరం చేసిన మరమ్మతును విప్పడానికి రెండు తరాలు పనిచేయాల్సి వచ్చింది.

అజంతాలోనూ అంతే. 1920ల మొదట్లో నిజాం ప్రభుత్వం మంచి ఉద్దేశంతో ఇటలీ నుంచి నిపుణులను రప్పించింది. రాలిపోతున్న రంగుల పొరలను వాళ్లు నిలబెట్టారు, ఆ మేలు తక్కువది కాదు. కానీ బొమ్మల మీద వేసిన లక్క వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపుపచ్చగా, గోధుమరంగుగా మారి చిత్రాలను మసకబార్చింది. దాన్ని అంగుళం అంగుళంగా తీయడం తర్వాతి వాళ్ల పని అయింది. అప్పట్లో లక్క వార్నిష్ అంటే మేలైన పదార్థమే. అందుకే ఇవాళ మేము ఏ పదార్థం వాడినా ముందు అడిగే ప్రశ్న ఒకటే: రేపు తప్పని తేలితే దీన్ని తీసేయగలమా?

సిమెంటు గురించి నాకు ఉన్న బాధ ఇదే. సున్నంతో కట్టిన గోడకు రాళ్ల మధ్య సందుల్లో సిమెంటు నింపితే, అంటే పాయింటింగ్ చేస్తే, మొదటి ఏడాది చాలా శుభ్రంగా కనిపిస్తుంది, తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు కూడా. సున్నం మెత్తనిది, గాలి ఆడనిస్తుంది. గోడలో చేరిన తేమ ఆ సందుల్లోంచే బయటికి పోతుంది. సిమెంటు గట్టిది, ఆ దారి మూసేస్తుంది. తేమ రాయిలోంచి బయటికి రావాల్సి వస్తుంది, వస్తూ ఉప్పును వెంట తెస్తుంది. ఆ ఉప్పు రాయి పైపొర కింద గడ్డకట్టి పొరను ఊడగొడుతుంది. కొన్నేళ్లకు చూస్తే సిమెంటు గీతలు చెక్కుచెదరకుండా ఉంటాయి, మధ్యలో రాళ్లు మాత్రం గుల్లబారి లోపలికి పోయి ఉంటాయి. తక్కువ ధరకు టెండరు వేసినవారికే పని ఇవ్వాలన్న నియమం ఇక్కడ చాలా కీడు చేస్తుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీకి సమయం కావాలి. సున్నం నానాలి, మాగాలి, పూసాక తడి ఆరకుండా కాపాడుకోవాలి. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 లోపు బిల్లు పెట్టాలనే తొందరలో అది కుదరదు. ఒకసారి ఫిబ్రవరిలో నిధులిచ్చి నెలలో పని ముగించమన్నారు. నేను సంతకం పెట్టనన్నాను. ఆ నిధులు వెనక్కి వెళ్లిపోయాయి. ఆ నిర్ణయం పట్ల నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

మళ్లీ కట్టడం ఎప్పుడూ తప్పేనా అంటే, కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో కావాలని నేలమట్టం చేసిన వార్సా పాత నగరాన్ని పోలండ్ ప్రజలు పాత కొలతల పటాలు, చిత్రాలు ఆధారంగా తిరిగి కట్టుకున్నారు. 1980లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ఆధారాలు ఉన్నాయి, కట్టడానికి ప్రజలకు ఒక కారణం ఉంది, ఇది మళ్లీ కట్టినదని అందరికీ తెలుసు. వెనిస్ ఒప్పందం చెప్పే గీత కూడా ఇదే. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలి. ఆధారం లేకుండా 'ఇలా ఉండి ఉంటుంది' అని శిఖరం కట్టేస్తే, రేపటి పిల్లలకు అసలుకూ మన ఊహకూ తేడా తెలియదు.

ఆధారం అన్నాను కదా, కాంబోడియాలోని బాఫువోన్ ఆలయం కథ ఈ విషయంలో ప్రతి అధికారికీ తెలిసి ఉండాలి. గుడి కూలిపోయేలా ఉండటంతో ఫ్రెంచి నిపుణులు 1960లలో దాన్ని విప్పడం మొదలుపెట్టారు. సుమారు 3 లక్షల రాళ్లను చుట్టూ అడవిలో వరుసగా పరిచి, ఏది ఎక్కడిదో రాసుకున్నారు. 1970ల మొదట్లో అంతర్యుద్ధంతో పని ఆగింది, తర్వాత ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం పాలించిన కాలంలో ఆ రికార్డులు నాశనమయ్యాయి. 1995లో తిరిగి మొదలుపెట్టినవాళ్లకు మిగిలింది పాత ఫోటోలు, అడవిలో లక్షల రాళ్లు. 2011లో గానీ పూర్తికాలేదు. రికార్డుకు ఒకే కాపీ ఉంటే ఏమవుతుందో అక్కడ చూశాం. ఇవాళ లేజర్ స్కానింగ్, డ్రోన్ ఫోటోలు అందుబాటులోకి వచ్చాయి. ఒక కట్టడాన్ని కొలిచి రికార్డు చేసి మూడు చోట్ల దాచడం అసలు మరమ్మతు కంటే చాలా చౌక. అయినా ఆ పద్దు చివరికి మిగిలితేనే ఖర్చుపెడతారు.

అగ్నిప్రమాదాల గురించి ఒక్క మాట, ఎందుకంటే దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. జపాన్‌లో హోర్యూజీ ఆలయంలోని ప్రపంచ ప్రసిద్ధ కుడ్యచిత్రాలు 1949 జనవరి 26న కాలిపోయాయి. వాటికి నకళ్లు గీసే పని జరుగుతున్న కాలంలోనే. 2019లో నోత్ర్‌దామ్ కాలినప్పుడు దాని చుట్టూ మరమ్మతుల కోసం కట్టిన పరంజా ఉంది. వైర్లు, హీటర్లు, వెల్డింగ్, కొత్త మనుషులు అన్నీ ఒకేసారి వస్తాయి కాబట్టి మరమ్మతు కాలమే కట్టడానికి అత్యంత ప్రమాదకరమైన కాలం. జపాన్ ఆ నష్టం నుంచి 1950లో సమగ్ర చట్టం చేసుకుంది. ఇప్పటికీ ఏటా జనవరి 26న దేశమంతా గుళ్లలో, కోటల్లో మంటలార్పే అభ్యాసం చేస్తారు. నీళ్లు నిజంగా పైపులోంచి వస్తాయో లేదో ఏడాదికి ఒకసారైనా చూసినట్టవుతుంది.

సందర్శకుల విషయంలో ప్రభుత్వం 'వద్దు' అనాల్సిన సందర్భాలూ ఉంటాయి. ఫ్రాన్స్‌లోని ఆదిమానవుల బొమ్మలున్న లాస్కో గుహను 1948లో జనానికి తెరిచారు. మనుషుల ఊపిరి, వేడి, దీపాల వెలుగు వల్ల వేల ఏళ్లు చీకట్లో భద్రంగా ఉన్న బొమ్మల మీద పదిహేనేళ్లలోనే నాచు పెరిగింది. 1963లో మూసేశారు. 1983లో పక్కనే నకలు గుహ కట్టి దాన్ని చూపిస్తున్నారు. టికెట్ల ఆదాయం పోతుందని తెలిసీ మూసిన ఆ నిర్ణయాన్ని నేను ఎంతో గౌరవిస్తాను.

చివరిగా ప్రైవేటు సంగతి. దీన్ని నేను పూర్తిగా కాదననూ, ఔననూ. ఇంగ్లండ్‌లో 2015లో ఒక మార్పు చేశారు. ప్రభుత్వ అధీనంలోని 400కు పైగా స్థలాలను నడిపే పనిని ఒక స్వచ్ఛంద ట్రస్టుకు ఇచ్చి, అనుమతులు, సలహాలు, జాబితా పనిని వేరే ప్రభుత్వ సంస్థ దగ్గరే ఉంచారు. యాజమాన్యం ప్రభుత్వానిదే. అప్పగించేటప్పుడు, పేరుకుపోయిన మరమ్మతులకు, సదుపాయాలకు 8 కోట్ల పౌండ్లు కూడా ఇచ్చారు. నాకు నచ్చింది ఆ విభజన. నడిపేవారు, వారిని అడిగేవారు వేరువేరుగా ఉన్నారు. భారతదేశంలో 2017లో వచ్చిన దత్తత పథకంలో సంస్థలు తాగునీరు, మరుగుదొడ్లు, దారులు, దీపాలు లాంటి సదుపాయాలు చూస్తాయి. 2018లో ఎర్రకోటకు ఒప్పందం కుదిరినప్పుడు కోటనే అమ్మేశారన్నంత గొడవ జరిగింది. సదుపాయాలు వేరు, సంరక్షణ వేరు అన్న మాట ఆ గొడవలో సరిగ్గా వినిపించలేదు.

నేను చూసేది ఒప్పందంలో నాలుగు విషయాలు. రాయి మీద చేయి వేసే అధికారం ఎవరికి ఉంది? ఆదాయం లేని చిన్న కట్టడాలు కూడా అందులో ఉన్నాయా, లేక పేరున్న ఒక్కటే తీసుకున్నారా? ఏటా తనిఖీ రిపోర్టు బయట పెడతారా? గడువు ముగిశాక ఏ స్థితిలో తిరిగి ఇవ్వాలో రాసి ఉందా? వీటికి సరైన జవాబులుంటే నడిపేది ఎవరైనా నాకు అభ్యంతరం లేదు. లేకపోతే ప్రభుత్వం చేతిలో ఉన్నా అంతే. రెండో విషయమే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. జనం వచ్చే కట్టడానికి ఎవరైనా ముందుకొస్తారు. టికెట్టు లేని, బోర్డు కూడా లేని బురుజుకో, దిగుడుబావికో ఎవరూ రారు. ప్రభుత్వం అవసరం అసలు అక్కడే ఉంది.

ఇక మీలాంటివారు ఏమైనా చేయగలరా అంటే, చేయగలరు. మీకు దగ్గర్లో ఉన్న ఏ పాత కట్టడాన్నైనా ఎంచుకుని, ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందూ వానలయ్యాకా, ఒకే చోట నిలబడి అవే నాలుగు వైపుల ఫోటోలు తీయండి. తేదీ రాయండి. గోడ ఉబ్బింది, పగులు పెరిగింది అని నోటితో చెబితే ఎవరూ నమ్మరు. మూడేళ్ల ఫోటోలు పక్కపక్కన పెడితే కాదనడం కష్టం. తర్వాత సంబంధిత శాఖకు రాయండి. 'కట్టడం పాడైపోతోంది' అని రాయకండి, దానికి జవాబు 'పరిశీలిస్తాం' అనే వస్తుంది. 'తూర్పు వైపు మూడో తూము పూడింది, దాని కింద గోడ తడిగా ఉంది, శుభ్రం చేయించండి' అని రాయండి. సమాచార హక్కు ఉన్న చోట, ఈ కట్టడానికి చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది, నిర్వహణకు గత మూడేళ్లలో ఎంత ఖర్చయింది అని అడగండి. ఆ రెండు ప్రశ్నలు ఆఫీసులో పనిచేసే మంచివాళ్లకు కూడా ఆయుధాలే. అలాంటి దరఖాస్తు ఒకటి వచ్చినందువల్లే నేను రెండుసార్లు నిర్వహణ నిధులు తెచ్చుకోగలిగాను.

దయచేసి మీరే స్వయంగా మొక్కలు పీకడం, గోడలు కడగడం, సున్నాలు వేయడం మాత్రం చేయకండి. వేరు పట్టిన మొక్కను గుంజితే దానితో పాటు రాయి వస్తుంది. రక్షిత కట్టడమైతే చట్టరీత్యా నేరం కూడా కావచ్చు. పగులు ఫోటో తీసేటప్పుడు పక్కన ఒక స్కేలు పెట్టండి, కనీసం పెన్ను అయినా సరే. ఆ ఫోటో ఇక్కడ జవాబుగా పెడితే అది పాత పగులో కొత్తదో, అంచులు మాసి ఉన్నాయో తాజాగా ఉన్నాయో చూసి నాకు తోచింది చెబుతాను.